కళ్లు తెరచి చేసే ప్రార్థన

సంతానం లేదన్న దిగులుతో ఉన్న అబ్రామును దేవుడు ఎలా ఆదరించాడో గమనించారా? గుడారం లోపలే మరోసారి వాగ్దానం వినిపించి ఊరుకోలేదు. అతణ్ని బయటికి తీసుకొచ్చి ఆకాశం చూపించాడు, చేతనైతే నక్షత్రాలు లెక్కపెట్టమన్నాడు (ఆది 15:5). అబ్రాము ఎన్ని లెక్కపెట్టాడో బైబిలు చెప్పలేదు. కానీ నక్షత్రాలు లెక్కపెట్టేవాడు తలవంచుకుని కూర్చోలేడు కదా! సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు ‘ఎందుకు?’ అని ఎన్నిసార్లు అడిగినా దేవుడు కారణం చెప్పలేదు. సముద్రాన్ని, మంచును, కొండమేకలను, డేగను ఒక్కొక్కటిగా అతని ముందుకు తెచ్చాడు (యోబు 38, 39). కుంగిపోయిన మనిషి చూపు తన లోపలికే తిరిగి ఉంటుంది. దేవుడు ముందుగా ఆ చూపును బయటికి తిప్పుతాడు.

మన సంఘాలు దాదాపుగా మరచిపోయిన సత్యమిది. ప్రార్థనంటే కళ్లు మూసుకోవడమని సండేస్కూల్లోనే నేర్చుకున్నాం. కళ్లు తెరచి చేసే ప్రార్థన కూడా ఒకటుందని మాకు నేర్పింది సెమినరీ కాదు, ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్!

2021 మే నెలలో కరోనా రెండో విడత విజృంభించినప్పుడు మా సంఘంలో ఒకదాని వెంట ఒకటిగా భూస్థాపనలు జరిగాయి. నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేని సమాధుల తోటలో, మాస్కుల వెనక నుంచి పునరుత్థాన వాక్యాలు చదివాం. ఆ నెల గడిచాక మాకు నిద్ర కరువైంది. ప్రసంగానికి సిద్ధపడదామని బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి కానీ అర్థం తలకెక్కేది కాదు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ధైర్యం చెప్పాల్సిన పాస్టరే ధైర్యం కోల్పోయాడంటే విశ్వాసులు ఏమనుకుంటారోనన్న భయం మాది. తెల్లవారుతుండగానే చెరువుగట్టు మీదికి వెళ్లడం అలవాటైంది.

అక్కడ ఒక ఉదయం మా సంఘపు యువకుడొకడు ట్రైపాడ్ పక్కన నిలబడి కనిపించాడు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసి బతికేవాడు. ఆంక్షల వల్ల అతని బుకింగులన్నీ పోయాయి. ‘ఏం బాబూ, ఇంత పొద్దున్నే?’ అని పలకరించాం. ‘పెళ్లిళ్లు లేవు గానీ చెరువుంది కదండీ అయ్యగారూ. రోజుకు ఒక్క ఫొటో తీసుకుని వెళ్లిపోతాను’ అన్నాడు. ఒక్క ఫొటోకి ఇంత సేపెందుకని అడిగితే నవ్వాడు. ‘మొదటి పావుగంట కెమెరా బ్యాగులోంచి తీయనండి. ఊరికే చూస్తాను. వెలుగు ఎటునుంచి వస్తోంది, గాలికి నీళ్లు ఎటు కదులుతున్నాయి, కొంగ ఎక్కడ నిలబడింది... అలా చూస్తుంటే లోపలి గోల కాస్త తగ్గుతుందండీ. అప్పుడు తీస్తాను’ అన్నాడు.

మర్నాటి నుంచి మేమూ అతని పక్కన నిలబడ్డాం. మొదటి రోజు మాకు చెరువు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగో రోజుకు నీళ్లు తగ్గుతూ గట్టు రాళ్ల మీద విడిచిన గీతలు, తుంగలో పిట్టల కదలిక, సూర్యుడు రాకముందే నీటి రంగు మారిపోవడం కనబడ్డాయి. ఆ కాసేపూ ఏ సమాధీ మాకు గుర్తుకు రాలేదన్న సంగతి ఇంటికొచ్చాక గానీ తెలియలేదు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాం.

కొన్నాళ్లకు ఆ అబ్బాయి మరో మాట చెప్పాడు. ఏడాదిగా డిప్రెషన్‌కు సైకియాట్రిస్టు దగ్గర చికిత్స తీసుకుంటున్నాడట, రోజూ మాత్రలు వేసుకుంటున్నాడట. ‘మాకెందుకు చెప్పలేదు బాబూ?’ అంటే తల దించుకున్నాడు. ‘దిగులు అవిశ్వాసానికి గుర్తని ఒక ఆదివారం మీరే చెప్పారు కదండీ అయ్యగారూ’ అన్నాడు. చెప్పిన మాట నిజమే! పుల్పిట్ మీద నుంచి ఎంత తేలిగ్గా అనేశాం! ముందు అతని నోరు మూయించిన ఆ మాటే, తర్వాత మా నోరూ మూయించింది. గుడి మళ్లీ తెరిచిన మొదటి ఆదివారం, అతని పేరెత్తకుండా మా సంగతే చెప్పుకుని, ఆనాటి మాట తప్పని సంఘం ముందు ఒప్పుకున్నాం.

అసలు ఏలీయా సంగతి చదివినవాళ్లం అలా ఎలా బోధించగలిగాం? కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం సాధించిన ప్రవక్త, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవుడు అతణ్ని అవిశ్వాసీ అని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. హోరేబుకు నడిపించి, గుహలోంచి బయటికొచ్చి కొండ మీద నిలబడమన్నాడు. గాలి, భూకంపం, అగ్ని దాటిపోయాకే మెల్లని స్వరం వినిపించింది (1 రాజులు 19). విశ్రాంతి, ఆహారం, నడక, విశాలమైన ప్రకృతి, నిశ్శబ్దం... ఇవన్నీ దేవుని చికిత్సలో భాగమే.

ఈనాటి పరిశోధకులు కూడా ఈ దారిలోనే వెదుకుతున్నారు. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని చెట్లూ గడ్డీ ఉన్నచోట, కొందరిని రద్దీ రోడ్డు పక్కన గంటన్నర చొప్పున నడిపించారు. ఉన్న బాధనే తిప్పి తిప్పి తలచుకునే స్వభావం మొదటివారిలో తగ్గింది, రెండోవారిలో తగ్గలేదు.

అయితే కెమెరా పట్టుకున్నంత మాత్రాన మనసు కుదుటపడుతుందా? పడదు. ఈరోజు ప్రతివారి జేబులోనూ కెమెరా ఉంది, అయినా మనశ్శాంతి కనబడదేం? 2014లో వెలువడిన ఒక పరిశోధనలో లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమని, కొన్నింటిని ఊరికే చూడమని చెప్పింది. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువుల సంగతులే వారికి తక్కువగా గుర్తున్నాయి! కెమెరా చూసుకుంటుందిలే అని మనసు తన పని మానేసిందన్నమాట. కానీ అదే పరిశోధనలో మరో విశేషముంది. వస్తువులోని ఒక భాగాన్ని ఎంచుకుని దగ్గరగా తీసినవారికి జ్ఞాపకం తగ్గలేదు. తేడా కెమెరాలో లేదు, శ్రద్ధలో ఉంది.

రీలు కెమెరాల కాలం మనలో చాలామందికి గుర్తుంటుంది. ఒక రీలుకు 36 ఫొటోలు. కడిగించడానికి మళ్లీ ఖర్చు. అందుకే బటన్ నొక్కేముందు రెండుసార్లు చూసేవాళ్లం. ప్రకృతి దృశ్యాల ఫొటోలతో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే మహాశిల ఎదుట నిలబడేసరికి అతని దగ్గర రెండే గాజు ప్లేట్లు మిగిలాయి. మామూలు పద్ధతిలో ఒకటి తీశాడు. తన మనసు చూసిన గాంభీర్యం అందులో రాదని గ్రహించి, ఆగి, ఆలోచించి, లెన్సుకు ఎర్ర ఫిల్టర్ తగిలించి చివరి ప్లేటు వాడాడు. ఆ ఫొటోయే చరిత్రలో నిలిచింది. అంతటివాడు కూడా 1936 చివర్లో పని ఒత్తిడికి కుప్పకూలాడు. మరుసటి ఏడాది కుటుంబంతో సహా యోసెమిటీ లోయకే నివాసం మార్చాడు. కొండల అందాన్ని లోకానికి చూపించినవాడికే ఆ కొండల నీడలో సేదదీరాల్సిన అవసరం కలిగిందంటే, కుంగుబాటు బలహీనుల జబ్బని ఎలా అనగలం?

రేపటి గురించి చింతించేవారికి యేసుప్రభువు ఇచ్చిన మందు కూడా ఇదే కదా! ఆకాశపక్షులను చూడమన్నాడు, పొలంలోని పువ్వులను గమనించమన్నాడు (మత్తయి 6). పువ్వుల గురించి చెప్పినచోట మూలభాష గ్రీకులో వాడిన మాటకు అర్థం చూసీచూడనట్టు చూడటం కాదు, ‘బాగా పరిశీలించి నేర్చుకోవడం’. విద్యార్థి పాఠాన్ని చూసినట్టు పువ్వును చూడమంటున్నాడు ప్రభువు. పువ్వు ఫొటోను స్టేటస్‌లో పెట్టి ఎంతమంది చూశారో లెక్కపెట్టుకుంటే చింత తగ్గదు, ఇంకొకటి పెరుగుతుంది! పువ్వును పరిశీలించినవాడికి, దాన్ని అలంకరించిన తండ్రి గుర్తుకొస్తాడు.

ఇది ప్రకృతిని పూజించడం కాదా అని అడిగే పెద్దలున్నారు. సృష్టికర్తను విడిచి సృష్టిని సేవించడం పాపమేనని పౌలు స్పష్టంగా రాశాడు (రోమా 1:25). కానీ ఉత్తరాన్ని శ్రద్ధగా చదివేవాడు కాగితాన్ని పూజిస్తున్నట్టా? ఉత్తరం విప్పకుండా పక్కన పడేయడమే రాసినవాణ్ని అవమానించడం. ఆదివారం ఆరాధన మానేసి కొండలెక్కమనీ మేము చెప్పడం లేదు. ఆదివారం గుడిలో స్తుతించే దేవుణ్ని సోమవారం చెరువుగట్టు మీద కూడా గుర్తుపట్టమంటున్నాం.

మరో మాట కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. కెమెరా మందుకు బదులు కాదు. మాకు అలసట, దుఃఖం. ఆ అబ్బాయిది జబ్బు. అతణ్ని నిలబెట్టినవాటిలో డాక్టరు, మాత్రలు, చెరువు, ప్రార్థన అన్నీ ఉన్నాయి. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అంటే నూరుమంది కూర్చునే గుడిలో పదిమంది మౌనంగా బాధపడుతూ ఉండవచ్చు. వారిని ‘విశ్వాసం చాలదు’ అన్న మాటతో ఇంకా లోపలికి నెట్టడం కాపరుల పనేనా? కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును గుడి నోటీసు బోర్డు మీద రాసిపెడితే మన విశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు.

చూడటానికీ ప్రార్థనకూ ఉన్న బంధం తెలుగు సంఘాలకు కొత్తదేమీ కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసి జూలియా, మరో ఇద్దరు. ఫలితం లేదంటూ తెలుగు మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలో చర్చలు జరిగిన రోజులవి. నిరుత్సాహపడటానికి కావలసినన్ని కారణాలున్నాయి. వారు కొండమీది నుంచి ఊరినీ పల్లెలనూ చూస్తూ ప్రార్థించారు. నాగజెముడు పొదలు నిండిన ఒక మెరకను జ్యూవెట్ జూలియాకు చూపించి, మన మిషన్ బంగళాకు ఆ స్థలం బాగుంటుంది కదా అన్నాడని మిషన్ చరిత్రలు చెబుతాయి. 1878 జూలై 3న ఒక్కరోజులోనే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కింద ముళ్లపొదలే ఉన్నా, వాటిని దేవుని ఎదుట నిలబడి చూశారు కాబట్టి ఆ ఐదుగురూ నిరాశతో దిగిరాలేదు.

వచ్చే వారంలో ఒక్క ఉదయం ఇలా చేసి చూద్దాం. ఊటీకో అరకుకో వెళ్లనక్కర్లేదు. మేడమీది ఆకాశం, ఊరి చెరువు, పొలం గట్టు, వీధి చివరి వేపచెట్టు ఏదైనా చాలు. ఫోన్‌ను జేబులోనే ఉంచి పావుగంట చూద్దాం. తర్వాత ఒకే ఒక్క ఫొటో తీద్దాం. దాన్ని ఎవరికీ పంపకుండా, దాని ఎదుట ఒక్క వాక్యంలో దేవునికి కృతజ్ఞత చెబుదాం. బాధలో ఉన్నవారు మీకు తెలిసి ఉంటే ఒంటరిగా వెళ్లకండి, వారినీ వెంటబెట్టుకుని వెళ్లండి. ఉపదేశాలేమీ వద్దు. పక్కన నిలబడి చూడండి, అంతే.

ఆ యువకుడికి మళ్లీ పెళ్లిళ్ల బుకింగులు వచ్చాయి. డాక్టరు సలహాతోనే చికిత్స కొనసాగిస్తున్నాడు, ఇప్పుడు దాన్ని ఎవరి దగ్గరా దాచడం లేదు. వీలైన ఉదయాల్లో మేమిద్దరం ఇప్పటికీ చెరువుగట్టు మీద కలుస్తాం. దేవుడు ప్రతి ఉదయం చేసే పనిని చూడటానికి ఇద్దరైనా ఉన్నారులే అని అతను నవ్వుతూ అంటాడు. మీరూ రండి!