నల్లబల్ల నుంచి బాధ్యతాపీఠానికి

పదోన్నతి ఉత్తర్వు చేతికందిన రోజున మిఠాయిలు పంచడం మన కార్యాలయాలలో ఆనవాయితీ. మరునాటి ఉదయం బల్లపై పేరుకొన్న దస్త్రాలను చూచినప్పుడు గాని ఆ మిఠాయి వెల తెలిసిరాదు. ఇంజనీరుకే కాదు, ఉపాధ్యాయునికీ ఈ అనుభవం తప్పదు. చిరకాలం పాఠం చెప్పిన వ్యక్తి ఒకనాడు ప్రధానాచార్య పీఠాన్ని అధిష్ఠించినప్పుడు వాస్తవంగా మారేదేమిటి?

ఈ ప్రశ్నకు నాకు లభించిన సమాధానం కలకత్తాలోని ఒక కాథలిక్ పాఠశాల చరిత్రలో ఉన్నది. ఎంటాలీ ప్రాంతంలోని సెయింట్ మేరీస్ బాలికల పాఠశాలలో బోధన బెంగాలీ మాధ్యమంలో సాగేది. లొరెటో సభకు చెందిన ఒక యువ మఠకన్య 1931లో అక్కడ ఉపాధ్యాయినిగా చేరారు. చరిత్ర, భూగోళశాస్త్రం బోధించేవారు. సుమారు పదమూడు సంవత్సరాల బోధన అనంతరం, 1944లో ఆ పాఠశాలకే ప్రధానోపాధ్యాయిని అయ్యారు. తరువాతి కాలంలో లోకమంతా మదర్ తెరెసాగా ఎరిగిన మహనీయురాలు ఆమెయే.

ఆమె బాధ్యతలు స్వీకరించిన కాలం సామాన్యమైనది కాదు. అంతకు ముందు సంవత్సరమే బెంగాల్ కరవు లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. 1946 ఆగస్టు 16న నగరంలో మతకలహాలు చెలరేగి సరకుల రాకపోకలు స్తంభించాయి. వసతిగృహంలో వందలాది బాలికలున్నారు; వంటశాలలో ధాన్యం నిండుకొన్నది. మఠనియమం ప్రకారం ఆమె గడప దాటరాదు. అయినను పిల్లల ఆకలి తీర్చడానికి ఒంటరిగా వీథిలోకి నడిచారు. దారిలో ఎదురైన సైనికులు ఆమెను వారించి, తమ లారీలోనే పాఠశాలకు తిరిగి చేర్చి, బియ్యం బస్తాలు దింపి వెళ్ళారు.

ఏ పాఠ్యప్రణాళికలోనూ కనిపించని ఆ పనియే ప్రధానాచార్యుని అసలు పని అని నా అభిప్రాయం. ఉపాధ్యాయుడు తన పాఠానికి జవాబుదారి. ప్రధానాచార్యుడు పిల్లవాని ఆకలికి, నిద్రకు, ప్రాణానికి కూడా జవాబుదారి. గనిలో పేలుడుకు ముందు సైరను మ్రోగుతుంది. ప్రతి మనిషీ సురక్షిత స్థలానికి చేరినట్లు నిర్ధారించుకొనే వరకు షిఫ్టు బాధ్యుడు అనుమతి ఇవ్వడు. ఆ క్షణంలో అతని పాండిత్యాన్ని ఎవరూ ప్రశ్నించరు. అందరూ వచ్చారా అని మాత్రమే అడుగుతారు.

గని మాట వచ్చినది గనుక, మనకు సుపరిచితమైన బైలడిల్లా ఇనుపకొండలకు పడమటగా దృష్టి సారిద్దాం. బీజాపూర్ నుంచి బాసగూడకు వెళ్ళే దారిలో ఆవపల్లి ఉన్నది. పేరులోనే తెలుగుదనం ధ్వనించే ఊరు. పరిసరాలలోని దోర్లా జనుల మాటలో తెలుగు కలగలసి వినిపిస్తుంది. 2005 తరువాతి ఘర్షణలలో ఆ ప్రాంతపు పల్లెబడులు అనేకం మూతపడ్డాయి. చదువు ఆగిపోయిన పిల్లల కొరకు వెదురుతో కట్టిన వసతి పాఠశాలలు వెలిశాయి. స్థానికులు వాటిని పోటా క్యాబిన్లు అంటారు. 2024 మార్చిలో ఆవపల్లి సమీపాన చింతాకొంటలోని అటువంటి బాలికల పాఠశాలలో రాత్రివేళ నిప్పంటుకొన్నది. మూడువందల మందికి పైగా బాలికలు క్షేమంగా బయటపడ్డారు. నాలుగేళ్ళ పసిపాప ఒకతె మాత్రం దక్కలేదు.

ఎంటాలీ పాఠశాల కాథలిక్ సభ నడిపినది. ఇది ప్రభుత్వం నడుపుతున్నది. యాజమాన్యాలు వేరు కావచ్చు. రాత్రి దీపమార్పే ముందు తలలు లెక్కించుకొనే బాధ్యత మాత్రం ఒక్కటే. కన్నవారు అడవి దాటించి పంపిన బిడ్డను సెలవులకు క్షేమంగా ఇంటికి చేర్చినప్పుడే ఆ పీఠానికి సార్థకత.

మదర్ తెరెసా ఆ పీఠంపై ఎంతో కాలం నిలువలేదు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైలులో నిరుపేదల సేవకై అంతర్వాణి వినిపించినదని ఆమె చెప్పేవారు. 1948లో పాఠశాలను వీడారు. 1997లో ఆమె కన్నుమూసిన సెప్టెంబరు 5 మన దేశంలో ఉపాధ్యాయ దినోత్సవం కావడం యాదృచ్ఛికమే అయినా సముచితంగా తోస్తుంది.

ఈ సంవత్సరం కొత్త బాధ్యతలు స్వీకరిస్తున్న మిత్రులకు హృదయపూర్వక అభినందనలు. మిఠాయి తప్పక పంచండి. ఆ సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మీ విభాగంలో అందరూ క్షేమంగా ఉన్నారో లేదో ఒక్కసారి లెక్క చూచుకొనండి.