పదమూడు అడుగుల స్తంభం కావాలి

సాంటా క్లారా వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్ పాలకమండలి సభ్యులకు,

శాన్ హోసే నడిబొడ్డున ఒక స్తంభం నాటించమని అడగడానికే ఈ ఉత్తరం. 13 అడుగుల ఎత్తు చాలు. వందేళ్లకు పైగా కిందట అక్కడి నేల ఆ స్తంభం కొస దాకా ఉండేదని, 1969 నాటికి మొదలు దాకా కుంగిందని దానిమీద రాస్తే సరిపోతుంది.

మేం తెలుగువాళ్లం ఈ లోయకు వచ్చింది చిప్పుల కోసం, సాఫ్ట్‌వేర్ కోసం. ఇల్లు కొనేటప్పుడు బడి రేటింగు చూస్తాం, తూర్పు గుమ్మం ఉందో లేదో చూస్తాం. కింద ఏముందని మాత్రం అడగం. ఇక్కడి కథంతా ఉన్నది ఆ కిందే.

19వ శతాబ్దం నడుమ ఇక్కడ బావి దించితే నీళ్లు వాటంతటవే పైకి ఉబికేవి. ఆ నీటి మీదే ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ తోటలు లోయంతా పరుచుకున్నాయి, వాటి వెంట క్యానరీలు వచ్చాయి. పంపులు దిగాక తోడకానికి హద్దు లేకపోయింది. మా అనంతపురంలో బోరు ఎండితే పక్కన ఇంకోటి వేస్తారు. రైతుకు అప్పు మిగులుతుంది గానీ నేల కుంగదు, అడుగున రాయి కాబట్టి. ఇక్కడిది ఒండ్రు. నీరు పోయి అణిగిన బంకమట్టి పొరలు మళ్లీ నీళ్లు నింపినా పైకి లేవవు. భూగర్భజలం తోడితే నేల కుంగుతుందని అమెరికాలో మొదట గుర్తించింది ఈ లోయలోనే.

పాపం తోటలదొక్కటే కాదు. 1950 నుంచి 1969 దాకా సిటీ మేనేజరుగా ఉన్న డచ్ హామన్ చుట్టుపక్కల పొలాలను వరసగా నగరంలో కలిపేశారు. 95 వేల జనం ఉన్న ఊరు ఇరవై ఏళ్లలో నాలుగున్నర లక్షలకు చేరువైంది. అంత తాకిడిలోనూ కుంగుబాటు ఆగిందంటే అది మీ సంస్థ చలవే. 1930ల నుంచి మీరు కట్టిన జలాశయాలు, నీళ్లు ఇంకించే చెరువులు, 1965 నుంచి నదుల డెల్టా నుంచి తెచ్చిన కాలువ నీళ్లు కలిసి ఈ నేలను నిలబెట్టాయి. ఇక్కడ పుట్టిన ఏ కంపెనీ అయినా ఇంతకన్నా పెద్ద పని చేసిందని నేననుకోను. పాలో ఆల్టోలో హ్యూలెట్, ప్యాకార్డ్‌లు కంపెనీ మొదలుపెట్టిన గరాజుకు మాత్రం స్మారక ఫలకం ఉంది!

పొగడ్త ఇక్కడితో సరి. తోడుకున్నది ఒకరైతే మునిగింది ఇంకొకరు. శాన్ హోసే ఉత్తరపు కొసన, సముద్రమట్టం కన్నా దిగువకు జారిన ఆల్విసో 1983లో వరదలో చిక్కుకుంది. ఇక పొగగొట్టాలు లేని శుభ్రమైన పరిశ్రమ అనిపించుకున్న చిప్పుల ఫ్యాక్టరీలు భూమిలోకి ద్రావకాలు వదిలాయి. విషం శుద్ధి చేయాల్సిన చోట్లంటూ కేంద్ర ప్రభుత్వ సూపర్‌ఫండ్ జాబితాకెక్కిన స్థలాలు ఈ ఒక్క కౌంటీలోనే 23. వాటిని శుద్ధి చేయించడం మీ చేతిలో లేదని తెలుసు. కానీ ఫలానా చోట అని ఒక బోర్డు పెట్టించవచ్చు కదా.

ఇప్పటికీ కౌంటీ వాడే నీటిలో దాదాపు సగం బయటి నుంచి రావాల్సిందే. సియెర్రా కొండల్లో మంచు తగ్గిన ఏడు భారం మళ్లీ బావుల మీదే పడుతుంది. అప్పుడు నీళ్లు పొదుపు చేయమని మీరు పంపే కరపత్రాల కన్నా ఆ స్తంభం మాట జనం ఎక్కువ వింటారు.

శాన్ హోసేలో ఒకటి, ఆల్విసోలో ఒకటి నాటించండి. ఇంగ్లీషు, స్పానిష్, వియత్నామీస్ పక్కన తెలుగులోనూ రాయించండి. అనువాదానికి బడ్జెట్ అక్కర్లేదు, ఈ ఊళ్లో డబ్బులడగకుండా చేసిపెట్టేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు.

ఇట్లు,
మీ లోయ నీళ్లు తాగుతున్న ఒక తెలుగువాడు