బ్యాండు సినిమాకు వెళ్లాలి, సొంత పేరుతోనే వెళ్లాలి

మలికిపురంలో సాయంత్రం హైదరాబాద్ బస్సెక్కే కుర్రాళ్లకు ‘ఊరెళ్లిపోతా మామ’ పాటను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. చించినాడ వంతెన మీద గోదావరి దాటుతున్నప్పుడు చెవిలో మోగడానికి ఆ పాట సరిగ్గా సరిపోతుంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో గది అద్దె పంచుకుని బతికే రాజోలు మనిషికైతే ఇంకా బాగా ఎక్కుతుంది. పట్నంలో విసిగిపోయినవాడు ఊరికి తిరిగిపోతానంటాడు అందులో. ఆ పాట వెనక సినిమా లేదు, హీరో లేడు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే చౌరస్తా బ్యాండ్ మన జానపదానికి రెగె దరువు కలిపి యూట్యూబ్‌లో పెట్టిన ప్రైవేటు పాట అది.

2020లో కరోనా వచ్చిన కొత్తలో చేతులు కలపొద్దు, దూరం నుంచే మొక్కమంటూ వచ్చిన పాట కూడా వాళ్లదే. ఆ పాడిన గొంతు రామ్ మిరియాలది. మరుసటి ఏడాది మార్చిలో ‘జాతిరత్నాలు’ విడుదలైంది. రధన్ బాణీకి ఆయన పాడిన ‘చిట్టి’ ఊరూరా మోగింది. 2022లో ‘డీజే టిల్లు’ పాటకు బాణీ కట్టిందీ పాడిందీ ఆయనే. 2024లో ‘టిల్లు స్క్వేర్’ వచ్చినప్పుడూ ‘టికెట్టే కొనకుండా’ అలాగే చేశారు. పెళ్లి ఊరేగింపుల్లో డీజే బళ్లకు ఇక వేరే పాట అక్కర్లేకపోయింది.

మొదట్నుంచీ వింటున్న అభిమానులకు ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. మన మనిషనుకున్నవాడు సినిమావాడైపోయాడని నిష్ఠూరమాడతారు.

ఆ నిష్ఠూరంలో ప్రేమ ఉంది కానీ న్యాయం లేదు. బ్యాండంటే ఒక్క గొంతు కాదు. గిటారు వాయించేవాడు, డ్రమ్స్ మీద కూర్చునేవాడు, రిహార్సల్ గది అద్దె, రికార్డింగ్ ఖర్చు, పాట పాటకూ వీడియో. వినేవాళ్లం మాత్రం యూట్యూబ్‌లో పైసా ఇవ్వకుండా వింటాం. జేబులోంచి రూపాయి తియ్యకుండా, నువ్వు మాత్రం మారకుండా అలాగే ఉండాలని షరతు పెట్టే హక్కు ఎవరికుంటుంది? పదిమందికీ చేరాలని ఏ బ్యాండైనా కోరుకోవచ్చు, కోరుకోవాలి కూడా.

చిక్కల్లా ఎక్కడంటే, తెలుగునాట పదిమందికీ చేరే పెద్ద దారి ఒక్కటే, అది సినిమా. ఆ దారిలో బ్యాండు మొత్తానికీ చోటుండదు, గొంతుకు ఉంటుంది. ‘చిట్టి’ అనగానే నవీన్ పొలిశెట్టి, ఫరియా అబ్దుల్లా కళ్లముందు కదులుతారు. పాడిందెవరో కొందరికే గుర్తుంటుంది. ఆ గొంతు ఏ బ్యాండులో పుట్టిందో చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ.

ఇలా కాకుండా నడిచినవాళ్లూ ఉన్నారు. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్‌నే చూడండి. 2000లో ‘కందిసా’ ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్నాకే సినిమా వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. ‘బ్లాక్ ఫ్రైడే’కు సంగీతమిచ్చినా, 2010లో ‘పీప్లీ లైవ్’లో వినిపించినా, ఇండియన్ ఓషన్ అన్న పేరుతోనే. నర్మదా లోయ పాటలు పాడటం మానలేదు. 2009లో అసీమ్ చక్రవర్తి కన్నుమూశారు, 2013లో సుస్మిత్ సేన్ బయటికి వెళ్లారు. బ్యాండు మాత్రం నిలబడింది.

కేరళలో 2013లో పుట్టిన తైక్కుడం బ్రిడ్జ్ సంగతి మరీ ఆసక్తికరం. ఆ బ్యాండు వ్యవస్థాపకుల్లో ఒకరైన గోవింద్ వసంతే తమిళ ‘96’కూ, దాని తెలుగు రూపం ‘జాను’కూ సంగీత దర్శకుడు. ఆయన సినిమాల్లో పేరు తెచ్చుకున్నా బ్యాండు మూతపడలేదు. 2022లో ‘కాంతార’లోని ‘వరాహరూపం’ తమ ‘నవరసం’ పాటను పోలి ఉందంటూ ఆ బ్యాండే కోర్టు మెట్లెక్కింది. కొన్నాళ్లు ఓటీటీలో ఆ పాటను వేరే బాణీతో వినిపించాల్సి వచ్చింది, తర్వాత పాత బాణీయే తిరిగొచ్చింది. కేసులో న్యాయం ఎవరిదన్నది అటుంచితే, పెద్ద నిర్మాణ సంస్థతో తలపడటానికి ఒక బ్యాండుకు కాలూనుకునే చోటు దొరికిందంటే ‘నవరసం’ దాని సొంత పేరు మీద ఉండబట్టే.

మన బ్యాండ్లు నేర్చుకోవాల్సింది ఇదే. సినిమాకు పాడండి, బాణీలివ్వండి. కానీ సొంత పాటల హక్కుల్ని ఏ కంపెనీకీ గంపగుత్తగా రాసివ్వకండి. 2012 కాపీరైట్ సవరణ తర్వాత సినిమా పాట రాసినవాళ్లకూ, బాణీ కట్టినవాళ్లకూ థియేటర్ ప్రదర్శన కాకుండా మిగతా వాడకాల మీద రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటామని ఒప్పందంలో రాసిచ్చినా అది చెల్లదు. సంతకం పెట్టేముందు ఈ ఒక్క ముక్కయినా తెలిసి ఉండాలి.

ఇక మనవైపు బాధ్యత. సంక్రాంతికీ, తీర్థాలకూ కోనసీమలో డబ్బుకు కొదవుండదు. రికార్డింగ్ డ్యాన్సులకూ, డీజేలకూ, సినిమా పాటల ఆర్కెస్ట్రాలకూ ఉత్సవ కమిటీలు ధారాళంగానే ఖర్చు పెడతాయి. సొంతంగా పాట రాసుకుని పాడే కుర్రాళ్లకు వేదిక దొరకడమే గగనం. ఊళ్లో వేదిక ఉంటే వాళ్లకు సినిమా ఒక్కటే దిక్కు కాదు, పది దారుల్లో ఒకటవుతుంది. అందుకే మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి కమిటీ పెద్దలకు ఒక మనవి. వచ్చే సంక్రాంతికి ఒక్క రాత్రి అలాంటి బ్యాండుకివ్వండి. బయానా చేతిలో పెట్టేటప్పుడే, సినిమా పాటలొద్దు, మీ పాటలే పాడండని చెప్పండి.