పాట సరే, పాడిన చోటు మాటేమిటి?

మన కుర్రకారులో ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళు రెండు రకాలు. పాట నచ్చి వినేవాళ్ళు కొందరు. వింటున్నామని నలుగురికీ తెలియాలని వినేవాళ్ళు మరికొందరు. ఏ రకం వాళ్ళకైనా 'క్వీన్' బృందం పేరు చెబితే చాలు, ముఖం వికసిస్తుంది. ఆటల మైదానంలో రెండుసార్లు కాలు నేలకు తట్టి, ఒకసారి చప్పట్లు కొట్టే ఆ దరువు 1977లో వీళ్ళు పుట్టించిందే. అయితే ఆ బృందం చరిత్రను ఇప్పుడు చాలామంది 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమా చూసి నేర్చుకుంటున్నారు. ఆ సినిమా దాటేసిన ఒక అధ్యాయం ఉంది. దాన్ని గురించి నా అభిప్రాయం చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుందాం. క్వీన్ మనలాంటి కాలేజీ కుర్రాళ్ళ బృందం. 1968లో లండన్ ఇంపీరియల్ కాలేజీ విద్యార్థి బ్రయన్ మే, తన మిత్రుడు టిమ్ స్టాఫెల్‌తో కలిసి 'స్మైల్' అనే బృందం పెట్టాడు. డ్రమ్ములు వాయించేవాడు కావాలని నోటీసు బోర్డులో ప్రకటన అంటిస్తే, పళ్ళ డాక్టరీ చదువుతున్న రోజర్ టేలర్ వచ్చి చేరాడు. స్టాఫెల్ వెళ్ళిపోయాక, 1970లో ఈలింగ్ కళాశాలలో చిత్రకళ చదివిన ఫరూఖ్ బల్సారా వచ్చి బృందానికి 'క్వీన్' అని నామకరణం చేశాడు. తన పేరునూ ఫ్రెడ్డీ మెర్క్యురీగా మార్చుకున్నాడు. 1971లో ఎలక్ట్రానిక్స్ విద్యార్థి జాన్ డీకన్ రాకతో నలుగురూ కుదిరారు. మే వాయించిన గిటారు కొన్నది కాదు. తండ్రీ కొడుకులు పాత నిప్పుగూడు చెక్కతో ఇంట్లో చేసుకున్నది. పాటల మూలంగా అటకెక్కిన అతని ఖగోళశాస్త్ర పరిశోధన 2007లో పూర్తయి డాక్టరేటు వచ్చింది. మనలో పి.హెచ్.డి. సాగదీస్తున్న అన్నలకు ఇంతకన్న ఊరట ఏముంటుంది!

నలుగురూ పాటలు కట్టగలవాళ్ళే. 1975 నాటి 'బొహీమియన్ రాప్సొడీ' మెర్క్యురీది. దాదాపు ఆరు నిమిషాల పాట రేడియోలో ఎవరు వేస్తారని పెదవి విరిచినవాళ్ళుండగానే, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 'వుయ్ విల్ రాక్ యూ' మే కట్టాడు. 1980లో అమెరికాను ఊపేసిన 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' నోరు మెదపని డీకన్‌ది. 1984 నాటి 'రేడియో గాగా' టేలర్‌ది. ఎవరి పాటకు ఎంత డబ్బన్న పేచీలూ వచ్చాయి. చివరకు 1989లో 'ది మిరకిల్' ఆల్బమ్ నాటికి ప్రతి పాట కిందా నలుగురి ఉమ్మడి పేరే వేసుకున్నారు. తమలో తాము న్యాయంగా ఉండడం ఎలాగో వాళ్ళకు తెలుసునన్నమాట.

మరి బయటి న్యాయం?

1984 అక్టోబరులో క్వీన్ దక్షిణాఫ్రికా వెళ్ళి 'సన్ సిటీ'లో వరుసగా కచేరీలు చేసింది. ఆ రోజుల్లో అక్కడ నడుస్తున్నది వర్ణవివక్ష ప్రభుత్వం. నల్లవాళ్ళను సొంత దేశంలోనే పరాయివాళ్ళను చేయడానికి ఆ ప్రభుత్వం కొన్ని ముక్కలు కోసి, వాటిని స్వతంత్ర దేశాలని ప్రకటించింది. బొఫుతత్స్వానా అలాంటి ముక్క. బయటి ప్రపంచంలో ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు. సన్ సిటీ ఆ ముక్కలో కట్టిన జూదశాల, విలాసశాల. అక్కడ పాడితే దక్షిణాఫ్రికాలో పాడినట్టు కాదని కళాకారులకు నచ్చజెప్పి, దండిగా డబ్బిచ్చి పిలిచేవాళ్ళు. ఐక్యరాజ్యసమితి 1968లోనే ఆ దేశంతో సాంస్కృతిక సంబంధాలు తెంచుకోమని పిలుపిచ్చింది. బ్రిటన్‌లోని సంగీతకారుల యూనియన్ తన సభ్యులెవరూ అక్కడ పాడరాదని నియమం పెట్టింది. క్వీన్ ఆ నియమాన్ని మీరింది. యూనియన్ జరిమానా వేసింది. సమితి జాబితాలోకి పేరు ఎక్కింది.

వాళ్ళ వాదనా వినాలి కదా. మాకు రాజకీయాలు లేవు, వినాలనుకున్న ఎవరికైనా పాడతాం, మా సభలో తెలుపూ నలుపూ కలిసే కూర్చున్నారు అన్నారు. అక్కడి చెవిటి, గుడ్డి పిల్లల బడికి సాయమూ చేశారు. నిజమే. ఫ్రాంక్ సినాట్రా, ఎల్టన్ జాన్ వంటి హేమాహేమీలు వాళ్ళకన్న ముందే అక్కడ పాడి వచ్చారు. అదీ నిజమే.

కాని ఒక్కటి ఆలోచించండి. ఆ వేదికే రాజకీయం కోసం వెలసింది. "చూడండి, ప్రపంచం మమ్మల్ని వెలివేయలేదు" అని చాటుకోవడానికే ఆ ప్రభుత్వానికి పేరున్న గొంతులు కావలసివచ్చాయి. దాని మీద నిలబడి నాకు రాజకీయం లేదనడం, గొడుగు పట్టినవాడు నాకు ఎండతో సంబంధం లేదన్నట్టుంది. పైగా మెర్క్యురీ ఎవరు? జాంజిబార్‌లో పుట్టి, మన పంచగనిలో చదువుకున్న పార్సీ బిడ్డ. అతను ఆ దేశంలో పౌరుడై పుట్టి ఉంటే, ఏ పేటలో ఉండాలో చట్టమే చెప్పేది. 1860 నుంచి చెరుకుతోటల కూలికి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాల్ చేరిన మన తెలుగువాళ్ళ మనుమలూ మునిమనుమలూ ఆ చట్టాల కిందనే బతికారు. ఇది మనకు సంబంధం లేని గొడవ అనడానికి వీల్లేదు.

"కళాకారుడు అంతకన్న ఏం చేయగలడోయ్?" అని ఒక మిత్రుడు వాదానికి దిగాడు. చేయగలడు. 1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనలుకు చేరింది. ఎదుట దక్షిణాఫ్రికా. కప్పు అందేంత దూరంలో ఉంది. అయినా ఆడేది లేదని భారతదేశం తప్పుకుంది. అమృతరాజ్ సోదరులకు అలాంటి అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? వాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు కొన్ని కచేరీల డబ్బు ఏపాటిది?

ఇప్పుడు సినిమా సంగతి. అందులో బృందం విడిపోయి, 1985 జూలై 13న లండన్ వెంబ్లీలో ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన 'లైవ్ ఎయిడ్' నాడు మళ్ళీ ఒక్కటవుతుంది. వాస్తవానికి విడిపోనే లేదు. ఆ మే నెలలో కూడా జపానులో కలిసే పాడారు. ఆ ఇరవై నిమిషాల గానం అద్భుతమే, సందేహం లేదు. కాని ఆఫ్రికా కోసం పాడిన ఆ రోజుకూ, సన్ సిటీకీ నడుమ తొమ్మిది నెలలే! ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కథ ఇంకా గొప్పదయ్యేది. సినిమా ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తుడిచేసింది.

తర్వాతి కథా ఉంది. మెర్క్యురీ 1991 నవంబరు 24న ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. 2003లో నెల్సన్ మండేలా ఎయిడ్స్ మీద పోరాటానికి కేప్‌టౌన్‌లో సభ పెడితే, మే, టేలర్ వెళ్ళి పాడారు. ఒకనాడు బహిష్కరణను మీరి వెళ్ళిన దేశానికే, ఈసారి మండేలా పిలుపు మీద వెళ్ళారు. సన్ సిటీని దాచిపెడితే ఈ ప్రయాణం విలువ ఎవరికి తెలుస్తుంది?

క్వీన్ పాటలు వినవద్దని నేననను. నేనూ వింటాను, వింటూనే ఉంటాను. అభిమానమంటే అంతా బాగుందనడం కాదనే నా మనవి. రేపు మనలో పాడేవాళ్ళుంటారు, ఆడేవాళ్ళుంటారు, కలం పట్టేవాళ్ళుంటారు. మంచి పారితోషికంతో, పెద్ద వేదిక నుంచి పిలుపు వస్తుంది. ఆ వేదిక ఎవరిది, ఎవరి నోరు నొక్కి కట్టింది అని ఒక్కసారి అడిగి చూడండి. అడగడానికి ఖర్చేమీ కాదు. జవాబు విన్నాక వెనుదిరగాలంటేనే ఖర్చు. ఆ ఖర్చు భరించినవాళ్ళ పేర్లు సినిమాల్లో కనపడకపోవచ్చు. మన సంచికల్లోనైనా కనపడాలి.