అద్దాల బాల్కనీ: మేము తొందరపడి చెప్పిన మాట

ఒక పూర్వ విద్యార్థి శీతాకాలంలో మాకు ఫోను చేశాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, కొండాపూర్‌లో ఆరవ అంతస్తులో కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు. "ఉస్తాద్‌గారూ, మా పడమటి బాల్కనీ ఎదుటి బ్లాకు వారికి పూర్తిగా కనబడుతోంది. ఇంట్లో ఆడవాళ్ళు బట్టలు ఆరవేయడానికి కూడా వెనుకాడుతున్నారు. అద్దాలు బిగించి గదిలా మూసేయాలనుకుంటున్నాను. సమ్మతమేనా?" అని అడిగాడు. పరదా విషయంలో అతనికున్న శ్రద్ధను చూసి మేము సంతోషించాము. "తప్పకుండా చేయించు నాయనా" అన్నాము. పడమర అన్న మాట మా చెవిన పడింది గానీ దాని భావమేమిటో మేము ఆలోచించలేదు.

ఏప్రిల్ నెలలో, అతని కుమార్తె దివ్యఖుర్ఆన్ పఠనం పూర్తి చేసిన సందర్భంగా ఆ ఇంటికి వెళ్ళాము. అస్ర్ నమాజ్ వేళ అయింది. అద్దాల గది చూడముచ్చటగా ఉంది. నేలపై తివాచీ, మూలల్లో పూలకుండీలు అమర్చారు. అయితే కుండీలలోని ఆకులు మాడిపోయి ఉన్నాయి. నమాజ్ చేయడానికి ముసల్లా పరచబోతే నేల పాదాలను కాల్చింది. మేము హాలులోకి తిరిగివచ్చాము.

అక్కడ వీధి తలుపు పక్కన, నేలపై కూర్చొని, విసనకర్రతో విసురుకుంటూ అతని తల్లి కనిపించారు. పాలమూరు పల్లెలో దాలాను, వాకిలి ఉన్న ఇంట జీవితమంతా గడిపిన పెద్దావిడ. "ఇక్కడ కూర్చున్నారేమమ్మా?" అని అడిగాము. "ఏం లేదు మౌలానాగారూ, తలుపు సందులోంచి కాస్త గాలి వస్తుంది" అన్నారు. ఆమె గదికి ఉన్న ఒకే కిటికీ ఆ బాల్కనీలోకే తెరుచుకుంటుంది. అద్దాలు బిగించిన నాటి నుండి ఆ కిటికీ తెరిస్తే సెగ తప్ప గాలి రావడం లేదు. ఏసీ ఉంది గానీ, దాని చల్లదనానికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఆమె ఆపివేస్తున్నారు. కుమారుడు ఉదయం వెళ్ళి రాత్రి వస్తాడు. అంత సొమ్ము పోసి ముచ్చటగా చేయించుకున్నాడు కదా అని ఆ తల్లి నోరు విప్పలేదు.

మగ్రిబ్ తరువాత మరొక సంగతి బయటపడింది. ఇంట్లో దీపాలు వెలిగించగానే, పగటి పూట అద్దంలా మెరిసిన ఆ గాజు పూర్తిగా పారదర్శకమైపోయింది. పిల్లల ఆటలు, వంటింటి రాకపోకలు అన్నీ ఎదుటి బ్లాకుకు కనబడుతున్నాయి. అద్దానికి అంటించే మెరుపు ఫిల్ము వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నుండే చూపును అడ్డుకుంటుంది. పగలు వెలుతురు బయట ఎక్కువ, రాత్రి లోపల ఎక్కువ. ఏ పరదా కోసం మేము సమ్మతి తెలిపామో అది రాత్రివేళ లేనేలేదు.

మా చదువు ఫిఖ్‌హ్, హదీసులకు సంబంధించినది. ఇళ్ళ నిర్మాణం మాకు తెలియదు. కనుక పరిచయస్తుడైన ఒక ఇంజనీరును అడిగి ఈ సెగ సంగతి తెలుసుకున్నాము. ఎండ గాజు గుండా సులువుగా లోపలికి వస్తుంది. నేలను, గోడలను వేడెక్కిస్తుంది. వేడెక్కిన నేల వెలువరించే ఉష్ణాన్ని మాత్రం గాజు తిరిగి బయటికి పోనివ్వదు. గాలి కదలదు గనుక వేడి అక్కడే పోగుపడుతుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల పడమటి అద్దం మీద సాయంకాలపు ఎండ చదరపు మీటరుకు 500 వాట్ల చొప్పున పడిందనుకుందాం. సాధారణ గాజు గుండా సుమారు 3,000 వాట్ల వేడి లోపలికి చేరుతుంది. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు మూడింటిని ఇంట్లో వెలిగించి వదిలినట్లు! ఒకటిన్నర టన్నుల ఏసీ శక్తిలో సగానికి పైగా దీనికే ఖర్చయిపోతుంది.

సూర్యుని కోసం అద్దాల గది కట్టుకోవడం చలిదేశాల వారి అవసరం. ఇంగ్లండు వంటి చోట్ల శీతాకాలపు కొద్దిపాటి ఎండను ఒడిసిపట్టడానికి అది ఉపకరిస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన దక్కను పీఠభూమి స్థితి వేరు. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే రెండవ వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిటారుగా నిలిచిన స్తంభానికి ఆ క్షణాన నీడ ఉండదు. నడినెత్తి ఎండను బాల్కనీ పైకప్పు ఆపగలదు. సాయంకాలం పడమటి నుండి వాలుగా వచ్చే ఎండను అది ఆపలేదు. అయితే జూన్ నుండి సెప్టెంబరు వరకు మన నగరానికి గాలి వచ్చేది కూడా ప్రధానంగా ఆ పడమటి దిక్కు నుండే. కనుక పడమటి బాల్కనీలో ఎండను ఆపాలి, గాలిని రానివ్వాలి. గాజు దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుంది.

చూపుకు అడ్డు, గాలికి దారి అనే ఈ విద్య మన పెద్దలకు కొత్తది కాదు. కైరో నగరపు పాత ఇళ్ళకు మష్రబియ్యా అనే కొయ్య జాలీ కిటికీలు ఉండేవి. లోపలి స్త్రీలు వీధిని చూడగలిగేవారు గానీ వీధిలోని వారికి లోపలి మనుషులు కనబడేవారు కాదు. మన నగరంలోనే సంతోష్‌నగర్ దగ్గరి పాయిగా సమాధుల జాలీలను చూసినవారికి ఆ పనితనం తెలుస్తుంది. పాత బస్తీ ఇళ్ళలో దాలానుకు వెదురు పుల్లల చిల్మన్ వేలాడేది. వేసవిలో వట్టివేళ్ళ తడికలను నీటితో తడిపేవారు.

ఫిఖ్‌హ్ కూడా ఇదే దారి చూపింది. 1869-1876 మధ్య ఉస్మానియా సామ్రాజ్యంలో హనఫీ న్యాయసూత్రాలను క్రోడీకరించిన 'మజల్లా'ను మేము విద్యార్థి దశలో చూశాము. స్త్రీలు మసలే చోటు పొరుగువారి కిటికీ నుండి కనబడడాన్ని అది పెద్ద హానిగానే లెక్కించింది. ఆ కిటికీ యజమాని గోడతోనో, చెక్క అడ్డుతోనో చూపును ఆపాలన్నది. అయితే కిటికీని పూర్తిగా మూసివేయమని అతణ్ణి బలవంతపెట్టరాదని కూడా చెప్పింది. ఆపవలసింది చూపునే. ఆ రోజు ఫోనులో ఈ తేడా మాకు గుర్తుకు రాకపోవడం మా లోపమే.

మరొక విషయం చెప్పక తప్పదు. బాల్కనీ మూసినప్పుడు అక్కడున్న ఏసీ బయటి యంత్రాన్ని పక్కింటి వంటగది కిటికీ చెంతకు మార్చారు. పగలంతా ఆ ఇల్లాలి ముఖం మీదికి వేడిగాలి కొడుతోంది. ఇంట నివసించలేనంతగా పొగ పోసే పక్కవారి పొయ్యిని పండితులు హాని కింద లెక్కించారు. ఈ వేడిగాలిని మాత్రం వేరుగా ఎలా చూడగలం? పొరుగువారి హక్కు గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) పదేపదే తాకీదు చేయగా, వారిని వారసులుగా చేస్తారేమో అనిపించిందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపిన సంగతి మనం పిల్లలకు నేర్పుతూనే ఉంటాము.

మరునాడే ఆ విద్యార్థికి ఫోను చేసి, "నాయనా, నీ ఇల్లు చూడకుండానే మేము జవాబు చెప్పాము. ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాము" అన్నాము. తల్లి పగలంతా ఎక్కడ కూర్చుంటున్నారో కూడా చెప్పాము. చాలాసేపు అతను మౌనంగా ఉండిపోయాడు. "అమ్మ ఒక్కసారి కూడా చెప్పలేదు ఉస్తాద్‌గారూ" అన్నాడు చివరికి.

నెల తిరగకుండా అద్దాలు తీయించాడు. రెయిలింగుకు బయటి వైపు, ఎండ అద్దాన్నో గోడనో తాకకముందే ఆగేలా, పైకి చుట్టగలిగే వెదురు తెరలు కట్టించాడు. వెదురు పుల్లలను దగ్గరగా అల్లించినందువల్ల దీపాలు వెలిగాక కూడా ఎదుటివారికి లోపలి మనుషులు కనబడడం లేదు. పావురాలు రాకుండా వల బిగించాడు. ఏసీ యంత్రాన్ని తిరిగి తన బాల్కనీలోకే తెచ్చుకొని, పొరుగింటికి వెళ్ళి క్షమాపణ కోరాడు.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఇంటి ఏ భాగాన్నయినా మూసే ముందు, పగలంతా ఇంట్లో ఉండేవారెవరో వారిని అడగండి. సాధారణంగా వారు వృద్ధులు, ఇల్లాళ్ళు, పసిపిల్లలు. ఆ దిక్కు ఎండది ఎంత, గాలిది ఎంత అని చూడండి. అపార్టుమెంటు సంఘాన్ని, మునిసిపల్ అధికారులను ముందుగానే సంప్రదించండి. ఆమోదిత ప్లానులో తెరచి ఉన్న దానిని మూయడం ఉల్లంఘన కావచ్చు. అగ్నిప్రమాదం జరిగితే పొగ బయటికి పోవడానికి, మనుషులను కాపాడడానికి ఆ బాల్కనీయే దారి. పై అంతస్తులో ఉండేవారు మేడపైన తెల్లని పూత వేయించుకుంటే ఇల్లు కొంత చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది.

దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో (16:80, 81) అల్లాహ్ తన అనుగ్రహాలను పేర్కొంటూ ఇంటిని ప్రశాంతి నిలయమన్నాడు, నీడను కూడా తన వరాలలో లెక్కించాడు. జూన్‌లో మరోసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ తల్లి బాల్కనీలో, వెదురు తెర నీడన, కుర్చీలో కూర్చొని తస్బీహ్ తిప్పుకుంటున్నారు. మమ్మల్ని చూసి ముసుగు సవరించుకొని, "లోపలికి రండి మౌలానాగారూ, ఇవాళ గాలి బాగుంది" అన్నారు. ప్రశ్నను పూర్తిగా అర్థం చేసుకొని జవాబు చెప్పే వివేకాన్ని అల్లాహ్ మాకూ, మాలాంటి బోధకులందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.