కిడ్నీ పోయినోడు వికలాంగుడు కాదంట!



కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మా హాస్టల్ తమ్ముడొకడు సెలవుల్లో వాళ్ల నాయన్ని పింఛను కోసం ఒక ఆఫీసుకి తోడుకొని పోయినాడు. పలమనేరు చుట్టుపక్కల ఇటుకల బట్టీల్లో ఇరవై ఏండ్లు మట్టి తొక్కిన మనిషాయన. ఇప్పుడు రెండు కిడ్నీలూ దెబ్బతిని, రక్తం తగ్గి, బిందె నీళ్లు మోసినా ఆయాసపడతాడు. రిపోర్టులో జీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత లెక్క, 19 ఉంది. అది చూసి "పదిహేను కంటే తగ్గినాక రాండి" అన్నారంట.

అంటే ఇంకా చెడిపోయినాక రమ్మని! ఇది ఆ గుమాస్తా తప్పు కాదు, రూలే అట్ల రాసిపెట్టినారు. ఎన్టీఆర్ భరోసాలో డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి 10,000 వస్తుంది. డయాలసిస్ లేకపోతే క్రియాటినిన్ 5 దాటాలి, లేదా జీఎఫ్ఆర్ 15 కంటే తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. 15 నుంచి 29 దాకా ఉంటే డాక్టర్లు నాలుగో దశ అంటారు. ఆ దశలో ఉండే కూలోడికి ఈ 10,000 లేదు.

సరే, దివ్యాంగుల పింఛను 6,000 అయినా అడుగుదామంటే, దానికి సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వాటిలో కిడ్నీ జబ్బు లేదు. అక్కడా లేదు, ఇక్కడా లేదు. మరి ఆ మనిషి యాడికి పోవాల?

డయాలసిస్ మీద ఉండేవాళ్లకి 10,000 వస్తా ఉంది కదా అంటారు. నిజమే, మంచిదే. కానీ అది జబ్బుకి ఇచ్చే పింఛను. సర్టిఫికెట్ వేరే. సర్టిఫికెట్ ఉంటే పెద్ద చదువుల్లో 5 శాతం, కొన్ని రకాల వైకల్యాలకైతే సర్కారు ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ హక్కుగా అడగొచ్చు. మన ఈడు పిల్లోడికే కిడ్నీలు పోతే, వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకునే ఆ పిల్లోడికి ఈ తలుపులన్నీ మూసే ఉంటాయి.

"కంటికి కనపడని జబ్బుని వైకల్యం అంటే ఎట్ల?" అని కొందరు అడుగుతారు. సికిల్ సెల్ కనపడుతుందా? తలసేమియా, హీమోఫీలియా కనపడతాయా? ఆ మూడూ 21లో ఉన్నాయి. ఉండాల్సిందే, సికిల్ సెల్ మన గిరిజనుల్ని పీడించే జబ్బు. 1995 చట్టంలో 7 రకాలే ఉండె, కొట్లాడితేనే 21 అయినాయి. 22 కాకూడదని యాడా రాయలేదు.

"దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొస్తాయి" అని ఇంకో మాట. నడుం నొప్పి నటించొచ్చు, క్రియాటినిన్ ఎట్ల నటిస్తారు? సర్కారు ల్యాబ్‌లోనే రెండుసార్లు రక్తం తీసి చూడండి, మేం వద్దనడం లేదు.

"డయాలసిస్ ఉచితమే కదా" అనేవాళ్లకి ఒక్క లెక్క చెప్తాం. మిషన్ ఉచితం. కానీ ఆయన కూలి పోయింది, తోడుపోయే ఆయమ్మ కూలీ పోయింది. వారానికి మూడు రోజులు, ఇద్దరి కూలి. అమెరికాలో 1972లోనే కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లకి వయసుతో పని లేకుండా సర్కారు వైద్య బీమా ఇచ్చినారు. విడవకుండా డయాలసిస్ మీద ఉండేవాళ్లని అక్కడ వైకల్యం కిందే లెక్కేస్తారు. మన చట్టం కూడా దీర్ఘకాలం ఉండి, నలుగురితో సమానంగా బతకనీయని లోపాన్ని వైకల్యం అనే చెప్తా ఉంది. ఆ మాటకి కిడ్నీ జబ్బు సరిపోదా?

మా డిమాండ్లు రెండే. ఒకటి, చట్టం షెడ్యూల్ చివర్లో "కేంద్రం నోటిఫై చేసే ఇతర రకాలు" అని ఉంది. పార్లమెంటు దాకా పోనక్కరలేదు, ఒక్క నోటిఫికేషన్‌తో కిడ్నీ జబ్బుని చేర్చండి. రెండు, రాష్ట్రం నాలుగో దశ కూలీలకి కూడా పింఛను ఇవ్వాల. రిపోర్టులో నంబరు ఒక్కటే కాదు, ఆ మనిషి చేసే పని చూడండి.

మనం చేయాల్సింది: ఇంట్లో షుగరు, బీపీ ఉండేవాళ్లకి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ప్రతి రిపోర్టూ దాచిపెట్టండి. నంబరు రూల్‌కి సరిపోతే ఆలస్యం చేయకుండా సచివాలయంలో అడగండి. సరిపోకపోయినా ఊరికే రావద్దు, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. చదువు రాని మన పెద్దోళ్లకి అర్జీ రాసిచ్చేదానికి మా హాస్టల్ పిల్లోళ్లం ఉన్నాం.

ఆ తమ్ముడి నాయన పదిహేను కంటే తగ్గేదాకా మనం కాచుకోని కూర్చోవద్దు.