ముందు గోడ, తర్వాతే బజారు

క్రొయేషియాలోని గ్రూజ్ రేవులో ఓడ దిగినవాళ్లకు డుబ్రోవ్నిక్ పాత నగరం రెండు మూడు కిలోమీటర్ల దూరమే. అయినా ప్రత్యేకంగా కారు, గైడు మాట్లాడుకుని వచ్చినవాళ్లు కూడా చేతిలో ఉన్న నాలుగైదు గంటలను కొండమీద ఫొటోలకూ స్ట్రాడున్ వీధి దుకాణాలకూ ధారపోసి, కోటగోడను కిందినుంచే చూసి వెళ్లిపోతుంటే మనసు చివుక్కుమంటుంది. దాదాపు రెండు కిలోమీటర్ల ఆ గోడ మీద తీరిగ్గా ఒక చుట్టు తిరగడానికి రెండు గంటలు చాలు. పైనుంచి ఇళ్ల కప్పులు చూడాలి. ఎండకు వెలిసి గోధుమరంగుకు తిరిగిన పాత పెంకులు కొన్నే, వాటి చుట్టూ కొట్టొచ్చినట్టు కనిపించే ఎర్రటి కొత్త పెంకులు. 1991 డిసెంబరు 6న యుగోస్లావ్ సైన్యం కురిపించిన ఫిరంగి గుండ్లు ఈ ఊరిని ఏం చేశాయో ఆ రంగుల తేడాయే చెబుతుంది. అప్పటికి పన్నెండేళ్ల ముందే, 1979లో, యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరిది! ఏ ఇల్లు ఎక్కడ దెబ్బతిన్నదో చూపే పటం గోడకే బిగించి ఉంటుంది, దాని ముందు ఆగేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఊరి మీద ఒత్తిడి పెంచుతున్నది ఓడల్లో వచ్చే జనమే. ఒకేసారి రెండు ఓడలకు మించి రానివ్వకూడదన్న నగరపాలకుల పట్టుదల నూటికి నూరుపాళ్లు న్యాయం, ఎందుకంటే ఆ గోడల లోపల ఇంకా కాపురాలున్నాయి, సందుల్లో దండేల మీద బట్టలు ఆరుతున్నాయి. మీరు వెళ్తే, గైడును మాట్లాడుకునేటప్పుడే గట్టిగా చెప్పండి: ఎండెక్కక ముందే గోడ ఎక్కించమని, షాపింగు చివరికి ఉంచమని.